అంకణా కుదిరినంత మాత్రాన

ఉగాదినాడు క్రొత్త పుస్తకమునకు పసుపు రాచి, కుంకుమబొట్టు పెట్టి, మొదటి పుటపై శ్రీకారము చుట్టి, ఇష్టదైవము పేర ఒక రూపాయి జమకట్టి, ఆ తరువాతనే సంవత్సరపు తొలి బేరమును వ్రాసికొను ఆచారము కృష్ణా గోదావరీ తీరముల వర్తకుల యిండ్లలో నేటికిని కొంత మిగిలియున్నది; అయితే ఆ పుస్తకములో తొలి పుట తప్ప తక్కిన పుటలన్నియు సంవత్సరాంతమువరకు తెల్లగనే యుండుటయు, అసలు లెక్కలన్నియు గల్లాపెట్టె ప్రక్కనున్న కంప్యూటరులో పెరుగుచుండుటయు మన కాలపు విశేషము.

పూర్వము లెక్కలు మారుట యనగా పుస్తకము మారుట మాత్రమే. పాత ఆవర్జాలో తేలిన నిల్వలను క్రొత్త ఆవర్జాలోనికి ఎత్తి వ్రాసినచో పని ముగిసెడిది. వ్రాయు చేయి అదే, చదువు కన్ను అదే, సిరాబుడ్డి కూడ ఇంచుమించు అదే. ఇప్పుడట్లు కాదు. సాఫ్ట్‌వేరు మారినప్పుడు వ్రాయు తీరు, వెదకు తీరు, తప్పు దిద్దు తీరు మారుటయే గాక తప్పు దాగియుండు చోటు కూడ మారును. అందుచేతనే ఏండ్ల తరబడి ఒకే సాఫ్ట్‌వేరుతో విసుగుకొనుచునే కాలము వెళ్ళబుచ్చు వర్తకులు మన పట్టణములలో కోకొల్లలుగా నున్నారు. వారిని చాదస్తులని ఆక్షేపించుట నా కిష్టము లేదు. ఎవరు ఎంత ఇయ్యవలెనో తెలుపు పద్దులే చిన్న వర్తకుని ఆస్తిలో పెద్ద భాగము. వానిని ఒక చోటినుండి మరియొక చోటికి కదల్చుటకు జంకినవాడు పిరికివాడు కాడు.

చిట్టాలో ఏనాటి వ్యవహారము నానాడు వ్రాసి, దానిని ఆవర్జాలో పేరుపేరున పద్దులుగా ఎత్తి, మాసాంతమున ఉభయపక్షముల మొత్తములను కూడి అంకణా కట్టి, అంకణా కుదరనిచో తప్పు దొరకువరకు తేడా మొత్తమును అనామతు ఖాతాలో నుంచుట జంటపద్దు లెక్కకు సంప్రదాయము. 1494లో లూకా పాచోలీ అను క్రైస్తవ సన్న్యాసి వెనీసు వర్తకుల పద్ధతిని వివరించి తన గణితగ్రంథములో అచ్చువేయించిన దానికిని, నేటి సాఫ్ట్‌వేరు లోపల జరుగు దానికిని మూలసూత్రమున భేదము లేదు. మన దేశమున ఈ పనిని చిన్న వర్తకుని బల్లమీదికి తెచ్చిన కీర్తిలో పెద్ద పాలు బెంగుళూరునకు చెందిన తండ్రీకొడుకులది. మిల్లులకు ముడిసరకులును యంత్రభాగములును సరఫరా చేయు శ్యామ్‌సుందర్ గోయెంకా తన వ్యాపారమునకు తగిన సాఫ్ట్‌వేరు దొరకక, గణితము చదివిన కుమారుడు భరత్ చేత వ్రాయించుకొన్నదే పిదప ట్యాలీ అను పేర దేశమంతట వ్యాపించెను. ఆ ప్రయత్నము 1986 నాటిది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ లభించెను. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణాలయముల బోర్డులపైనను, ‘ట్యాలీ వచ్చినవారు కావలెను’ అని దుకాణముల అద్దములపై అంటించు కాగితములపైనను ఆ పేరు ఇప్పుడు ఒక సంస్థ వస్తువు పేరుగా గాక ఒక విద్య పేరుగనే చలామణి యగుచున్నది. దానితో పాటు బిజీ, మందుల దుకాణములవారు మెచ్చు మార్గ్, చెన్నైవారి జోహో బుక్స్, సెల్‌ఫోనులోనే బిల్లు వేయు వ్యాపార్ మొదలైనవి నేడు బజారులో నున్నవి. ఏది మేలైనదో చెప్పుటకు ఈ వ్యాసము పూనుకొనలేదు. ఆ ప్రశ్న అట్లు విడిగా నిలువదని చెప్పుటయే నా యుద్దేశము.

వీని ప్రచారము ముదురుటకు పూర్వము మన కోస్తా పట్టణములలో మరియొక జాతి సాఫ్ట్‌వేరు ఉండెడిది. 1990వ దశకములో ఫాక్స్‌ప్రో నేర్చిన యువకులు దుకాణము దుకాణమునకు పోయి, యజమాని అడిగినది అడిగినట్లు వ్రాసియిచ్చి, పండుగ మామూలుతో పాటు ఏటేటా కొంత సొమ్ము పుచ్చుకొని బ్రతికెడివారు. ఆ ప్రోగ్రాములకు అందము లేదు, పేరు లేదు. కాని ఆ దుకాణము లెక్క ఆ దుకాణపు భాషలోనే నడిచెడిది.

అటువంటి ప్రోగ్రాముతో నడచిన మా బంధువుల దుకాణము విజయవాడ వన్‌టౌనులో నున్నది. పైపులు, విద్యుత్తు తీగెలు, రంగులు, సిమెంటు, మేకులు మొదలుగా ఇల్లు కట్టువానికి కావలసిన సరకు అంతయు అచ్చట దొరకును. దానికి ప్రోగ్రాము వ్రాసిన ఆయన వ్యాట్ నాడు దానిని దిద్దెను, జీఎస్టీ నాడు మరల దిద్దెను, ఆపైన డల్లాసు వెళ్ళెను. వెళ్ళినను మాట తప్పినవాడు కాడు. ఇచ్చట షట్టరు దించు వేళకు అచ్చట ఆయన ఆఫీసునకు బయలుదేరుచుండును గనుక, ఆ నడుమనున్న అరగంటలో ఫోనుమీదనే చిక్కు విప్పెడివాడు. కాని ఎలక్ట్రానిక్ ఇన్వాయిసు మాట వచ్చునప్పటికి, ‘అది నా వల్ల కాదు అన్నయ్యా, కొత్తది కొనుక్కోండి’ అని ఆయనయే చెప్పెను.

చిన్న వర్తకుడు సాఫ్ట్‌వేరు మార్చుట తన కోరికచే గాక ఇట్లే చట్టముచే జరుగుట పరిపాటి. 2005 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ వచ్చినప్పుడు కొందరు మారిరి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పెక్కుమంది మారవలసి వచ్చెను. ఎలక్ట్రానిక్ ఇన్వాయిసు మాత్రము అందరిమీద ఒక్కసారి పడక మెట్లు మెట్లుగా దిగివచ్చినది. 2020 అక్టోబరు 1న 500 కోట్ల వ్యాపారము దాటిన సంస్థలతో మొదలై, 100కు, 50కి, 20కి, 10కి తగ్గుచు, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు చేరినది. మొదటి మెట్టు నాడు అది పెద్ద కంపెనీల గొడవ యని పత్రికలో పుట త్రిప్పినవారి అరుగు దగ్గరకే అది మూడేండ్లు తిరుగకమునుపే వచ్చి నిలిచెను. ఇందులో పలువురు గమనింపని నియమ మొకటి కలదు: 2017-18 మొదలుకొని ఏ ఒక్క ఆర్థిక సంవత్సరమున ఆ హద్దు దాటినను బాధ్యత అంటుకొనును, మరుసటి యేడు వ్యాపారము తగ్గినదన్న కారణముచే అది తొలగిపోదు. జీఎస్టీ నమోదు గల కొనుగోలుదారునకు వేయు ప్రతి బిల్లును పోర్టలులో నమోదు చేసి, 64 అక్షరముల గుర్తింపు సంఖ్యయు క్యూఆర్ ముద్రయు పొందినగాని ఆ బిల్లు బిల్లు కాదు.

మా వారి దుకాణము 2023-24లో ఆ హద్దు దాటెను. ఏప్రిల్ మొదలుకొని కాంట్రాక్టర్ల బిల్లులను పాత ప్రోగ్రాములో ఒకసారి, ప్రభుత్వ పోర్టలులో మరియొకసారి కొట్టుచు కొంతకాలము గడపిరి. రెండుమార్లు కొట్టినచోట రెండు విధములుగ కొట్టుట మానవస్వభావము. నెల మొత్తములు కలియుట మానెను. అప్పుడు గాని క్రొత్త సాఫ్ట్‌వేరు కొందమను నిశ్చయము కలుగలేదు.

నిశ్చయము కలిగిన వారమునకే ల్యాప్‌టాపులు సంచిలో వేసికొని అమ్మకందారులు రాసాగిరి. సాఫ్ట్‌వేరు డెమో యనునది పెండ్లిచూపుల వంటిది: ఆ ఒక్క గంటసేపు అన్నియు సర్ది యుండును. వారు చూపు దుకాణములో అప్పు ఎగవేసినవాడు లేడు, చిరిగిన బస్తా లేదు, సగము సొమ్మిచ్చి తక్కినది దసరాకు అన్నవాడు లేడు; రంగురంగుల చక్రములలో లాభము మాత్రము తిరుగుచుండును. యజమాని ముచ్చటపడెను. ఆయనను కాపాడినవాడు ఆయన తండ్రి నాటినుండి గల్లా ప్రక్క కూర్చున్న గుమాస్తా. యజమాని ఆయనను ‘బాబాయిగారూ’ అని పిలుచును. ఆయన యజమానిని ‘అబ్బాయీ’ అనును. జీతమిచ్చు సంబంధము ఆ పిలుపులలో ఎచ్చటను కానరాదు.

గుమాస్తాగారు మునుపటి నెల బిల్లులలోనుండి తనను ఏడిపించిన పదింటిని ఏరి కట్టగట్టి యుంచెను. ఒక దానిలో 90 మీటర్ల తీగెచుట్టనుండి 23 మీటర్లు కోసి అమ్మిరి. ఒక దానిలో మేస్త్రి యొకడు మూడు పర్యాయములు సరకు పట్టుకొనిపోయి, ఏ బిల్లుకో చెప్పక గుండుగుత్తగా ఇరువదివేలు కట్టెను. మరియొక దానిలో బిల్లు హైదరాబాదు కాంట్రాక్టరు పేర, సరకు మాత్రము ఆయన చెప్పిన గన్నవరము ఆసామి యింటికి. జీఎస్టీ సంఖ్యలో తొలి రెండంకెలు తెలంగాణమునకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. సరకు రాష్ట్రము దాటకపోయినను ఆ బిల్లుకు పడవలసినది అంతర్రాష్ట్ర పన్ను. పోయిన సంవత్సరము అమ్మిన మోటారు ఈ సంవత్సరము తిరిగివచ్చిన దొకటి. కిలోలలెక్కన కొని డబ్బాలలెక్కన అమ్మిన మేకులది మరియొకటి.

‘మీ చక్రాలు తర్వాత చూద్దాం గానీ, ముందు ఇవి కొట్టి చూపించండి బాబూ’ అని ఆయన ఆ కట్టను ముందుంచెను. వచ్చిన యువకుడు తీగెచుట్ట దగ్గరనే చిక్కుపడెను. చుట్ట యనగా ఒక ఉరువు, అది తెగదు. కొంతసేపు తడవుకొని, ‘ఇది నెక్స్ట్ వెర్షన్‌లో వస్తుందండీ’ అనెను.

‘అది వచ్చాక, దాంతోపాటే మీరూ రండి’ అని గుమాస్తాగారు కట్టను తిరిగి ముడివేసెను.

సాఫ్ట్‌వేరు ఎంచుకొనువారికి నేను చెప్పదగినదానిలో సగము ఆ కట్టలోనే యున్నది. విశేషగుణముల పట్టికలు పోల్చి లాభములేదు. అన్నిటిలోను అన్నియు ఉన్నవనియే వ్రాసియుండును. తన దుకాణములోని వంకర బిల్లు ఏ యంత్రములో వంకర లేకుండ ఇముడునో చూచుకొనవలెను. దానిని సాయంకాలము ఆరుగంటల వేళ, అరుగుమీద అయిదుగురు నిలిచియున్నప్పుడు, ఎన్ని మీటలు నొక్కి ముగింపవచ్చునో లెక్కపెట్టవలెను. ట్యాలీకి అలవాటుపడినవారి వ్రేళ్ళు అమ్మకమునకు ఎఫ్8, కొనుగోలుకు ఎఫ్9, వసూలుకు ఎఫ్6 అను మీటలమీదికి కన్ను చూడకయే పోవును. అట్టివాని చేతికి మౌసు ఇచ్చి, తెరమీది అందమైన బొమ్మలు నొక్కుమనుట వానికి పదోన్నతి కాదు. ఆ వేగము పోయినచో మొదటి వారముననే బిల్లులు చీటీలమీదకు ఎక్కును. చీటీలు ‘రేపు ఎక్కిద్దాము’ అను సొరుగులోనికి పోవును. ఆపైన ఏ సాఫ్ట్‌వేరైనను ఒకటే.

ఆడిటరుగారి సలహా అడుగవలసినదే. అయితే ఆయనకు కావలసినది సంవత్సరాంతమున తన ఆఫీసులోని సాఫ్ట్‌వేరులో తెరచుకొను లెక్క. దుకాణమునకు కావలసినది మున్నూరు దినములు తన అరుగుమీద నడచు లెక్క. రెండును ఒకటియైనచో అదృష్టమే. కానిచో అరుగు పక్షమే న్యాయమని నా అభిప్రాయము.

తక్కిన సగము నిష్క్రమణమార్గమును గూర్చినది. ఒకసారి సొమ్ము చెల్లించి కొనునవి కొన్ని, ఏటేటా చందా కట్టునవి కొన్ని. లెక్క తన కంప్యూటరులోనే యుండునవి కొన్ని, ఎచ్చటనో సర్వరులో నుండి ఇంటర్నెట్టు ద్వారా కనిపించునవి కొన్ని. వీనిలో దేని మంచిచెడ్డలు దానికున్నవి. వానిపై చర్చ ఇచ్చట పెంచను. కాని అమ్మకందారుని అడుగవలసిన ప్రశ్న అన్నిటికి నొక్కటే: ‘నేను చందా మానివేసిన మరునాడు నా లెక్కలు నేను చదువుకొనవచ్చునా? తేదీ, పేరు, సరకు, పన్నుతో సహా ప్రతి పద్దును ఎక్సెల్‌లోనికి దింపి పట్టుకొనిపోవచ్చునా?’ వచ్చునని నోటితో చెప్పించుకొనుట చాలదు. అప్పుడే, ఆ ల్యాప్‌టాపులోనే, దింపి చూపుమనవలెను. మా వారు ఈ ప్రశ్న అడుగుటకు కారణము స్వానుభవము. పాత ప్రోగ్రామునుండి అంకణాయు బాకీదారుల పట్టికయు కాగితముమీదికి వచ్చెడివే గాని, పద్దు పద్దుగా వివరము బయటికి రాలేదు; డల్లాసు ఆయన ఒక ఆదివారమంతయు కూర్చుండి అందుకై వేరుగ ప్రోగ్రాము వ్రాసి పంపవలసి వచ్చెను. అట్టి ఆప్తుడు అందరికి నుండడు.

మారుటకు ముహూర్తము ఏప్రిల్ ఒకటియని పుస్తకములు చెప్పును, ఆడిటర్లును చెప్పుదురు. శాస్త్రము సరియే. కాని ఇల్లు కట్టు సరకు అమ్మువారికి వేసవి కోతలకాలము. వానలు పడువరకు కూర్చుండుటకు తీరిక యుండదు. ఆడిటరుగారికిని మార్చి ఏప్రిల్ నెలలలో ఫోను ఎత్తుటకు తీరిక యుండదు. కావున మొదటి త్రైమాసికపు లెక్క తేల్చికొని, 2024 జూలై 1న మారుటకు నిర్ణయించిరి. సంవత్సరము నడుమ మారువారు బిల్లుల వరుససంఖ్యను గూర్చి జాగ్రత్తపడవలెను: ఒక ఆర్థిక సంవత్సరములో ఒక సంఖ్య రెండుమార్లు రాకూడదు, అక్షరములు, అంకెలు, గీతలు అన్నియు కలిపి 16 దాటకూడదు. క్రొత్త సాఫ్ట్‌వేరు అమాయకముగా ఒకటవ సంఖ్యనుండి మొదలిడును. ఏప్రిల్‌లోని ఒకటవ బిల్లుతో అది ఢీకొనకుండ ముందొక క్రొత్త అక్షరము తగిలించిరి.

అసలు శ్రమ యంత్రములో లేదు, పేర్ల పట్టికలలో నున్నది. సరకుల జాబితాను ఎక్సెల్‌లోనికి దింపి చూచునప్పటికి ముప్పాతిక అంగుళపు సీపీవీసీ పైపు నాలుగు పేర్లతో ప్రత్యక్షమయ్యెను: అంకెలలో 3/4 అని ఒకటి, ‘ముప్పావు’ అని ఒకటి, మిల్లీమీటర్లలో 20 అని ఒకటి, కంపెనీ పేరు ముందుంచి మరియొకటి. అందులో రెంటికి నిల్వ ఉండవలసినదానికంటె ఎక్కువ, ఒకదానికి సున్న, ఒకదానికి మైనస్ 112. లేని పైపులను నూటపండ్రెండు అమ్ముట ఏ వర్తకునకును సాధ్యము కాదు గదా! కొన్నది ఒక పేరుమీద, అమ్మినది వేరొక పేరుమీద ఎక్కుటయు, కొనుగోలు బిల్లు వచ్చిన వారమునకు గాని కంప్యూటరులోనికి చేరకుండుటయు ఏండ్లుగా అలవాటై, ఆ మైనస్సు పెరుగుచు వచ్చెను. మొత్తముమీద సరకు విలువ సుమారుగ సరిపోవుచుండుటచే ఎవరును దానిని పట్టించుకొనలేదు. ఉన్న జాబితాను ఉన్నట్లే క్రొత్తదానిలోనికి ఎక్కింపుమని అమ్మకందారుని మనిషి సలహా యిచ్చెను. వానికి ఆ సాయంకాలమునకే పని ముగియును. యజమాని అంగీకరింపక, దుకాణము మూసిన తరువాత ఇద్దరు కుఱ్ఱవాండ్రను నిలిపి, అటకమీది పైపులను సైతము దింపించి లెక్కపెట్టించెను. ఎక్కింపవలసినది యంత్రము చెప్పిన నిల్వను గాదు, కంటికి కనిపించిన నిల్వను. ఇది ఎంత స్పష్టమో అంత తరచుగా తప్పు జరుగు జాగా.

మనుష్యుల పేర్లు సరకులకంటె కష్టమైనవి. బాకీదారుల పట్టికలో ‘కంకిపాడు మేస్త్రి’, ‘కంకిపాడు మేస్త్రి కొత్త’, ‘కె. మేస్త్రి’ అను మూడు ఖాతాలుండెను. మూడింటిని కలిపివేయబోవగా గుమాస్తాగారు చేయి అడ్డుపెట్టెను.

‘అబ్బాయీ, మొదటిదీ మూడోదీ ఒక్కడే. ఆ కొత్త ఉన్నాడే, వాడు అల్లుడు. మామాఅల్లుళ్లకి మాటల్లేవు. కలిపావంటే ఇద్దరూ డబ్బు ఎగ్గొడతారు.’

‘మరి ఫోన్ నంబరు ఒకటే ఉందేంటి బాబాయిగారూ?’

‘అప్పట్లో ఆ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను.’

ఈ జ్ఞానము ఏ ఫైలులోను లేదు. సాఫ్ట్‌వేరు మార్పును గూర్చి ఇంజనీర్లు వ్రాయు పత్రములలో సమాచారమును శుద్ధి చేయుట ఒక దశగా పేర్కొందురు. చిన్న దుకాణములో ఆ దశ వృద్ధుడైన గుమాస్తా జ్ఞాపకశక్తిమీద ఆధారపడియున్నదని వారు ఎరుగుదురో లేదో! ఆయన పదవి విరమించిన పిదప మారుదమని వాయిదా వేయు యజమానులు నాకు తెలియును. ఆయనకు క్రొత్తది రాదని వారి వాదము. ఆయన ఉండగనే మారవలెనని నా వాదము.

బాకీల నిల్వలను ఎక్కించుటలో ఒక సులభమార్గము కలదు: ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క మొత్తము వేసివేయుట. అంకణా క్షణములో కుదురును, అందరును సంతోషింతురు. కాని ఏ బిల్లుకు ఎంత బాకీ, అది ఏనాటిది అను వివరము అచ్చటితో నశించును. మనకు రావలసినవానిలో ఆ నష్టము వసూళ్ళకు సంబంధించినది; మనము ఇయ్యవలసినవానిలో అది పన్నుకు సంబంధించినది. సరకు పంపినవానికి ఇన్వాయిసు తేదీనుండి 180 దినములలో సొమ్ము చెల్లింపకున్నచో, ఆ బిల్లుమీద వాడుకొన్న పన్ను జమను వడ్డీతో తిరిగి కట్టవలెనని జీఎస్టీ చట్టము. గుండుగుత్త మొత్తమునకు తేదీ లేదు; తేదీ లేనిదానికి 180 దినములు ఎచ్చటినుండి లెక్కింతుము? మా వారు ఇయ్యవలసిన బిల్లులన్నిటిని ఒక్కొక్కటిగ ఎక్కించిరి. రావలసినవానిలో పెద్ద ఖాతాలను మాత్రము అట్లు చేసి, చిల్లర ఖాతాలకు మొత్తములతో సరిపెట్టిరి. అది సరియైన రాజీయని నేననుకొందును. చిన్న వ్యాపారమున పరిపూర్ణతకు పోయినవాడు డిసెంబరుకైనను మారలేడు.

జూన్ 30 రాత్రి పాతదానిలోని అంకణాయు, క్రొత్తదానిలోని అంకణాయు పైసతో సహా కలిసినవి. యజమాని మిఠాయి తెప్పించెను. గుమాస్తాగారు తిని, ‘కుదిరితే కుదిరిందిలే, పేర్లు చూద్దాం పట్టు’ అని మరల కూర్చుండెను. ఆయన మాటలోని మర్మము లెక్కలు వ్రాసిన ప్రతివాడు ఎరుగును: గుడివాడవాని బాకీ గుడ్లవల్లేరువాని పేర ఎక్కినను మొత్తములు కలియును, పైపు పద్దు తీగెకు, తీగె పద్దు పైపునకు మారినను కలియును, ఒక తప్పును సరిగా సమానమైన మరియొక తప్పు కప్పివేసినను కలియును. అంకణా కూడికకు సాక్షి యగును గాని పేర్లకు సాక్షి కాదు. ఆ రాత్రి ఆయన పేర్లు చదువగా, తారుమారైన ఖాతాలు రెండు జతలు బయటపడెను. ఆ నలుగురిలో ఒకడు అమాయకుడు, తనది కాని బాకీని సైతము కట్టిపోయెడువాడు.

మొదటి దినమున తొలి ఎలక్ట్రానిక్ ఇన్వాయిసును పోర్టలు తిరస్కరించెను. కారణము సాఫ్ట్‌వేరు కాదు, పిన్‌కోడు. పాత ప్రోగ్రాము వ్రాసిననాడు చిరునామాకు పిన్‌కోడు అవసరము తోచలేదు. ఎక్కించునప్పుడు ఖాళీలన్నిటిలో కుఱ్ఱవాడొకడు వన్‌టౌను పిన్‌కోడునే నింపివేసెను. తెలంగాణపు కాంట్రాక్టరుకు విజయవాడ పిన్‌కోడు పెట్టినచో పోర్టలు ఒప్పుకొనదు. లారీ ఎక్కిన సరకుతో డ్రైవరు రెండుసార్లు టీ త్రాగువరకు నిలిచెను. ఇట్టివి రెండు వారములు జరిగినవి. ఆ దినములలో పాత ప్రోగ్రామునుగూడ నడపుచు రెండింటిలోను వ్రాయవలెనని సలహా యిచ్చినవారున్నారు. పెద్ద సంస్థలకు అది చెల్లును. నలుగురు మనుష్యుల దుకాణములో అన్నిటిని రెండుమార్లు వ్రాయుమనుట రెండింటిలోను సగము వ్రాయుమనుటయే. మా వారు మొదటి వారము మాత్రము అట్లు చేసి, పిమ్మట గల్లా నగదు, బ్యాంకు నిల్వ, పెద్ద బాకీలు కొన్ని – వీనిని మాత్రము ప్రతి రాత్రి చేతిపుస్తకముతో సరిచూచుకొనిరి.

క్రొత్తదానిలో ఎవరు ఏ పద్దును ఎప్పుడు మార్చినదియు జాడ మిగులును. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు అట్టి జాడ చెరపరాని సాఫ్ట్‌వేరునే వాడవలెనను నియమము కలదు. సొంత దుకాణములకును భాగస్వామ్య సంస్థలకును అది వర్తింపదు. అయినను మా వారు ఆ సదుపాయమును తెరచి యుంచిరి, కుఱ్ఱవాండ్రను కనిపెట్టుటకని. నెల తిరుగకముందే తేలినదేమనగా, పాత తేదీల బిల్లులను తరచుగా మార్చువాడు యజమానియే. మొగమాటమునకు తగ్గింపులిచ్చుట ఆయనకు అలవాటు. ‘దీన్ని ఆపడానికి వీలుందా?’ అని ఆయన అడుగగా గుమాస్తాగారు వినిపించుకొనలేదు.

మార్పు మేలు 2025 సెప్టెంబరు 22న స్పష్టముగ తెలిసినది. ఆనాడు 12, 28 శాతముల పన్ను అంతస్తులు చాలవరకు తొలగి, సిమెంటు 28 నుండి 18 శాతమునకు దిగినది. పాత ప్రోగ్రామైనచో డల్లాసుకు ఫోను చేయవలసి యుండెడిది. క్రొత్తదానిలో అమలు తేదీతో సహా రేటు మార్చి యుంచుట ముందురోజుననే ముగిసెను. అంతకుముందు అమ్మిన బస్తాలు పిమ్మట తిరిగివచ్చినప్పుడు మాత్రము క్రెడిట్ నోటు పాత రేటుననే వేయవలెను. సాఫ్ట్‌వేరు మొదటి బిల్లును చూచి పాత రేటునే తెచ్చెను. గుమాస్తాగారు దానిని మెచ్చుకొన్నది నేను విన్నంతవరకు అప్పుడే.

పాత ప్రోగ్రామును ఏమి చేయవలెనను ప్రశ్న చిట్టచివర వచ్చును గాని మొట్టమొదట ఆలోచింపదగినది. వార్షిక రిటర్ను గడువునుండి 72 నెలలు లెక్కలను భద్రపరచవలెనని జీఎస్టీ చట్టము. 2024-25కు ఆ గడువు 2025 డిసెంబరు 31 గనుక, ఆ సంవత్సరపు మొదటి మూడు నెలల లెక్క పాతదానిలో నున్న కారణమున, 2031 డిసెంబరు 31 వరకు దానికి సెలవు లేదు. పాత కంప్యూటరు అంతకాలము బ్రతుకునని ఎవరును పూచీపడలేరు. మా వారు ఆవర్జా, చిట్టా, బిల్లులు అన్నిటిని పీడీఎఫ్‌లుగా దింపి, రెండు పెన్‌డ్రైవులలో నుంచి, ఒకటి దుకాణములో, ఒకటి ఇంట బీరువాలో దాచిరి. ఏటేటా ఒకసారి వానిని తెరచి చూడవలెనని ఆడిటరుగారి ఆజ్ఞ. మొదటి యేడు చూచినప్పుడు దుకాణములోనిది తెరచుకొనలేదు, ఇంటిలోనిది తెరచుకొన్నది. ఆ సాయంకాలమే మరి రెండు కొని, ఒకదానిని ఆడిటరుగారి ఆఫీసులోనే ఇచ్చి రసీదు పుచ్చుకొనిరి.